వంక

నాకిచ్చిన చోటు అగ్గిపెట్టెలో సగం.
అందులో మూడు అలలు పట్టాలి.
అన్నిట్లోకి పొడుగుది తొమ్మిది వందల మెగాహెర్ట్జ్,
దాని పావు వంతుకే
ఎనిమిది సెంటీమీటర్ల పైచిలుకు రాగి కావాలి.
ఉన్న జాగా మూడున్నర.

సాగదీయలేని చోట వంచాలి.
మా సీమలో వాగును వంక అంటాం.
వంక నిటారుగా పోదు,
ఈ చేను చుట్టి, ఆ గుండు తప్పించుకుని
అర మైలు దూరానికి మూడు మైళ్లు నడుస్తుంది.
రాగికీ అదే నడక నేర్పాను:
అటు రెండు మిల్లీమీటర్లు, మలుపు,
ఇటు రెండు, మళ్లీ మలుపు.
కంప్యూటర్లో అంతా కుదిరింది.
కంప్యూటర్లో ఎప్పుడూ కుదురుతుంది.

కాలేజీలో బోర్డు కోసే మిషన్
మార్చి నుంచి గుడ్డ కప్పుకుని పడుకుంది.
ప్రొద్దుటూరు బస్సెక్కాను.

బంగారంగళ్ల వెనక సందులో ఓబులాచారి
ముక్కు మీదికి జారిన అద్దాల్లోంచి
రాగిరేకు అతికిన పలకను తిప్పి తిప్పి చూశాడు.
"ఏందిమ్మా ఇది, ఎవురి మెడకి?"
"ఫోనుకి."
"సందు ఎంత?"
"అర మిల్లీ."
"అర మిల్లీ అంటే మాకు ఎద్దులబండి పోయే దోవ"
అంటూ వెంట్రుకంత రంపం బిగించాడు.

ఫ్యాను ఆపేశాడు, పొడి ఎగిరిపోతుందని.
బయట నలభై మూడు డిగ్రీలు.
బంగారం కాదు కదా అన్నాను.
"చేతికి తెలీదు కదమ్మా."
కోసిన రాగి పొడి కూడా
కాగితంలో పొట్లం కట్టి నా ముందు పెట్టాడు,
నీ సొత్తు నీకే అన్నట్టు.

మర్నాడు కడపలో, ల్యాబులో
ఎనలైజర్ తెర మీద పచ్చగీత
చదును నేల మీద నడిచీ నడిచీ
ఉన్నట్టుండి దిగబడింది,
గండికోట దగ్గర పెన్న కోసినంత నిలువుగా.
ఒక లోయ తొమ్మిది వందల దగ్గర.
రెండోది పద్దెనిమిది వందలకు కాస్త ఇవతల.
మూడోది, వైఫై కోసం పెట్టింది,
లోయ కాదు, గుంట కాదు,
ఎద్దు అడుగులో నిలిచిన నీళ్లు.
గైడు సార్ వంక పెట్టేది అక్కడే అని తెలుసు.
ఒక కొమ్మ చివర పావు మిల్లీ గీకాను.
మూడోది కదలకపోగా
మొదటిది పక్కకు జరిగింది.
ఒకే బోరు కింద మూడు చేలు,
ఎవరు వాల్వు తిప్పినా
ఇంకొకరి కాలవలో ధార సన్నబడుతుంది.

విసుగొచ్చి పలకను గుప్పిట్లోకి తీసుకున్నాను.
గీత మొత్తం ఎడమకు ఒరిగిపోయింది.
మూడు లోయలూ ఎవరో దుప్పటి లాగినట్టు
కలిసి జరిగాయి.
మనిషంటే ఉప్పునీళ్ల మూట.
ఆ మూట ఆనుకుంటే అల నెమ్మదిస్తుంది.
పుస్తకంలో చదివిందే,
పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే.

మళ్లీ ప్రొద్దుటూరు.
చెప్తుంటే ఆయన నవ్వలేదు.
కుంపట్లో బొగ్గు ఎగదోసి
"మెడ చూడకుండా హారం చేస్తే ఎట్ల జుబేదమ్మా,
పెట్టెలో అన్నీ బాగనే ఉంటాయి" అన్నాడు.

"మీ చెయ్యి ఒకసారి ఇస్తారా?"
ఆయన వెర్నియర్‌తోనే ఆయన్ను కొలిచాను.
బొటనవేలి వెడల్పు ఇరవై నాలుగు.
చూపుడు వేలి పక్కన కాలి గట్టిపడిన మచ్చ.
అరచేతిలో ఫోను ఆనని చిన్న గూడు,
అక్కడ చెమట.
మధ్యలో ఆయన ఫోను మోగింది.
రబ్బరు బ్యాండు వేసిన బటన్ల ఫోను.
"యాడున్నావ్... ఇనపల్యా...
ఉండు, బయటికి వస్తాండా"
అంటూ మెట్లు దిగి
ఎండలో ఒక కాలి మీద నిలబడి మాట్లాడాడు.

ఆ రాత్రి హాస్టల్లో
పాత ఫైలు తీసెయ్యలేదు, మూసేశాను.
కొత్త దాంట్లో ముందు చెయ్యి గీశాను,
మచ్చ వదిలేసి, మిగతా కొలతలన్నీ వేసి.
వేళ్లు మూశాక
గుప్పిట్లో కాస్త సందు మిగిలింది,
అగ్గిపెట్టెలో సగం కన్నా తక్కువే.
అక్కడి నుంచి వంక మొదలుపెట్టాను.
వైఫై ఇంకా రాలేదు.